సుట్టబట్ట

మెట్టుగడ్డ ఆశ్రమంలో
మూడో గదిని చీకటి చేసి
గోడల నిండా సముద్రం పోసినం.
అలల చప్పుడు, మల్లె అత్తరు, నీలి వెలుగు.
బుడ్డమ్మ అటు చూడలే.
బిడ్డ పేరు మరిచి ఏడాదట,
తన పేరు మొన్ననే.

నాలుగోనాడు అంజిలు
గిన్నెడు చెలకమట్టి తడిపి తెచ్చిండు,
ఉత్తగనే, వాసనకు.

ఆమె లేచింది.
ఒడిలోని తువ్వాలను మెలిపెట్టి
సుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకుంది.
మెడ నిలిపి
"ఎత్తవేందే, మేస్త్రి చూస్తుండు" అంది.

ఎవరికి చెప్పిందో తెల్వక
ప్రొజెక్టర్ రిమోట్ పట్టుకొని నిలబడ్డ.

ఏ డ్యాం కట్టమీదనో పుట్టిన
మన్నెమ్మకు తెలిసింది.
వంగి,
లేని తట్టను
రెండు చేతులా పట్టి
తల్లి నెత్తికెత్తింది.

ఆ బరువుకు
బుడ్డమ్మ మెడ
కొంచెం ఊగి
కుదురుకుంది.