సుద్దగీత కిటికీ

నా చేతికి రాకముందు ఈ వ్యాను పార్శిళ్లు మోసేది.
పసుపు రేకు మీద గీకేసిన కంపెనీ పేరు
వాన పడ్డప్పుడల్లా తేలుతుంది,
ఎండగానే మునుగుతుంది.
నాలుగు లక్షల ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిందట.
అమ్మినవాడు ఆ అంకె మీద బొటనవేలు పెట్టుకునే
బేరమంతా మాట్లాడాడు.

హీయుమా దీవిలో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
మా బడి మూసేసి రెండేళ్లయింది.
చివరి ఏడు పదకొండుమందికి వండాను,
వందమందికి సరిపోయే గరిటెతో.
గరిటె నాతో ఇంటికొచ్చింది, ఎవరూ అడగలేదు.

నోటుపుస్తకాన్ని రెండు కొసల నుంచీ మొదలెట్టాను:
ముందు నుంచి రోగాలు,
వెనక నుంచి కోరికలు.

రాత్రి ఆపితే పొద్దున్న లేవదు,
ఒకసారి లేచిందా, సాయంత్రం దాకా
ఏ పాపమూ ఎరగనట్టు తిరుగుతుంది.
ఎడమ తలుపు తిడితే గాని పడదు.
చక్రం పైన తుప్పుని స్క్రూడ్రైవరుతో పొడిచాను,
అటుపక్క వెలుతురు కనిపించింది.
హీటరు నా కాళ్లని వదిలేసి
పక్క సీట్లో లేని మనిషికి ఊదుతుంది.

వెనక పేజీల్లో చేతిరాత గుండ్రంగా ఉంటుంది.
రెండు పొయ్యిలు, నలభై లీటర్ల నీళ్లు,
గోడల్లో గొర్రె ఉన్ని, రెండో బ్యాటరీ.
కుడి పక్క రేకు కోసి, పైకి తెరుచుకునే కిటికీ.
హెల్తెర్మా రేవులో ఓడ కోసం కార్లు బారులు తీరితే
అందులోంచి నా చెయ్యి,
చేతిలో పొగలు కక్కే బఠాణీ సూపు.

ముందు బ్యాటరీ మార్చాను. లేవలేదు.
నాలుగు గ్లో ప్లగ్గులూ మార్చాను.
ఒకటి విరిగి హెడ్డులోనే ఉండిపోబోయి,
నా మీద జాలిపడి వచ్చేసింది.
స్టార్టర్ మార్చాను: రెండో పొయ్యి పోయింది,
గొర్రె ఉన్ని పోయింది.
కోరికల పేజీ మీద కొట్టివేతలు,
రోగాల పేజీ మీద ఒక్కటీ లేదు.

అప్పుడు కల్యోని పిలిచాను.
ఒకప్పుడు సమిష్టి క్షేత్రంలో ట్రాక్టర్లు చూసేవాడు.
వాక్యానికి మూడు మాటలు దాటితే అలిసిపోతాడు.
ఇంజిను చుట్టూ తిరిగాడు, వాసన చూశాడు,
"గాలి తాగుతోంది" అన్నాడు.

చేపల తొట్టెకి వాడే పారదర్శకమైన గొట్టం ముక్కొకటి
డీజిలు దారిలో అతికించాడు.
టార్చి వేసి చూపించాడు:
తేనెరంగులో ఒక్కొక్కటే బుడగ,
ఆవగింజంత, తొందర లేకుండా, పైకి.
రాత్రంతా ఇలా గాలి లోపలికి,
డీజిలు వెనక్కి, ట్యాంకులోకి.
బలం లేక కాదు లేవనిది,
నోటి దగ్గర ముద్ద లేక.
ఇంతకీ ఫిల్టరు దగ్గర ఒక రబ్బరు గొట్టం చిట్లింది.
రెండు యూరోలు.

నేను నవ్వలేదు.
ఆరువందల యూరోల కొత్త సామాను వైపు చూశాను,
అదీ నా వైపు చూసింది.

మర్నాడు మైనస్ పద్నాలుగు.
తాళం తిప్పాను, నారింజ దీపం ఆరిందాకా ఆగాను.
ఒక్క దగ్గు. తెల్లటి పొగ.
తరవాత ఆ మోత, పళ్లెంలో గులకరాళ్లు కుదిపినట్టు.
కంచె అవతల కుక్క లేచి, మళ్లీ పడుకుంది.

ఆపబుద్ధి కాలేదు. దాన్నలా ఆడనిచ్చి
సుద్దముక్క తీసుకుని కుడి పక్క రేకు మీద
కిటికీ గీశాను, మోచేతి ఎత్తులో.
మంచు మీద సుద్ద సరిగా పట్టలేదు,
ఒక మూల వంకర పోయింది.

కల్యో వచ్చాడు, చేతిలో టార్చి.
గీత చూశాడు. వేలు మడిచి
రేకు మీద రెండుసార్లు తట్టాడు.
"ఇవాళేం సూపు?"

నేను అటు తిరిగి వెళ్లి, వెనక తలుపు తీసి,
ఖాళీ వ్యానులోకి ఎక్కి,
గీతకి లోపలి వైపున, చీకట్లో నిలబడ్డాను.
"బఠాణీ" అన్నాను రేకుతో.
"ఉప్పు తక్కువైతే చెప్పు."

కాసేపు ఇంజిను మోత ఒక్కటే.
అప్పుడు అటుపక్క నుంచి, వంగినట్టున్నాడు, కింద నుంచి:
"ముందు బ్రేకు పైపులు."