ఊ

నా పని ఊపిరి కోయడం.
బానస్వాడిలో మూడో అంతస్తు, కిటికీకి రెండు బొంతలు,
కింద ఇస్త్రీ బండి, నెత్తి మీద నీళ్ల ట్యాంకు.
తెర మీద గొంతు ఆకుపచ్చ దువ్వెనలా పాకుతుంటుంది,
పళ్ల మధ్య సందు కనబడితే
మూసేయాలి.

ప్రజ్వల్ లెక్క ప్రజ్వల్‌ది.
సిల్క్ బోర్డు సిగ్నల్ దాటేలోపు ఎపిసోడ్ అయిపోవాలి.
ఏడో నిమిషానికి సగం మంది దిగిపోతారు,
దిగనివాళ్లు ఒకటిన్నర వేగంతో వింటారు,
అంట్లు తోముతూ, ట్రెడ్‌మిల్ మీద, నిద్ర పట్టక.
"నిశ్శబ్దం మనమెందుకు అమ్మడం? ఊరికే దొరుకుతుంది కదా!"
ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో
అడ్రసు అడగలేదు నేను.

పోయిన జూన్‌లో మునివెంకటప్ప వచ్చాడు,
బంగారుపేట ప్యాసింజర్‌లో, నిలబడి.
కోలారు గని నోటి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు
మనుషుల పంజరాన్ని దించి, ఎక్కించినవాడు.
కిందున్నవాళ్లని చూసింది లేదు. విన్నాడంతే.
ఒక గంటంటే ఆపు.
రెండంటే దించు.
మూడంటే లోపల మనుషులున్నారు, మెల్లగా.

మైకు ముందు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు.
"ఊ కొట్టు తల్లీ. నువ్వు ఊ అనకుంటే
కత యాడికి పోతాది?"
అద్దానికి ఇవతల నుంచి తలూపాను. చాల్లేదు.
తలుపు తీసుకుని లోపలికెళ్లి, స్టూలు లాక్కుని,
నలభై నిమిషాలు
ఊ కొట్టాను.

ఆ రాత్రే అవన్నీ కోశాను.
నావి నూట పన్నెండు.
ఆయనవి లెక్కపెట్టలేదు,
తడి ఇసుకలో చెప్పు ఈడ్చినట్టుండే ఊపిర్లు,
ఒక్కోటి తెగేముందు కాస్త పెనుగులాడినట్టు.
నలభై కాస్తా పదకొండయింది. బాగా ఆడింది.
కోసినవి పారేయబుద్ధి కాలేదు.
ఒక ఫోల్డర్‌లో వేశాను, పేరు పెట్టకుండా.

ఇప్పుడు స్టూడియోకి మనుషులు రావట్లేదు.
ఒక గొంతు కొన్నాం.
దానికి దగ్గు లేదు, రైలు ఆలస్యం లేదు,
కన్నడం, తెలుగు, తమిళం మూడూ
నోరు లేకుండానే మాట్లాడుతుంది.
మూడు నెలలు బానే విన్నారు. తరవాత
ఏదో తక్కువైందన్నారు, ఏంటో చెప్పలేకపోయారు.
ప్రజ్వల్ నా పక్కన కుర్చీ వేసుకుని, మెల్లగా,
అప్పు అడిగేవాడిలా,
"కాస్త ఊపిరి కలపగలవా?
మరీ ఎక్కువొద్దు. వాక్యానికొకటి."

కలిపాను.
ఇవాళ పొద్దున ఆ గొంతు
పది గ్రాముల బంగారం ధర చెప్పబోతూ
ఒక్క క్షణం ఆగి
గని దుమ్ము నిండిన ఛాతీతో గాలి పీల్చుకుంది.

మధ్యాహ్నం ఆయనకి ఫోన్ చేశాను.
చెప్పాలనిపించింది. చెప్పాను.
"నా ఊపిరా? దానికేమన్నా దుడ్లిస్తారా?"
నవ్వాడు, నవ్వు దగ్గులోకి జారింది.
"అది కతలు చెప్తాదా?"
"లేదు, రేట్లు చెప్తుంది."

అటువైపు చాలాసేపు
నేను కోయని ఊపిరి.
నాకు మాట తోచలేదు.

"లైన్లో ఉండావా తల్లీ?"

ఊ, అన్నాను.