ఆరో రెక్క

లేక్స్ ఎంట్రన్స్, బుల్లక్ ఐలాండ్ రేవు.
పొద్దున్న ఆరు. పెలికన్లు ఇంకా మెడలు విప్పలేదు.

"మొన్నటిదాకా బాగానే ఉమ్మేది" అన్నాడు మెర్వ్ టిండేల్,
పడవ వెనక గొట్టం వైపు గడ్డం చూపిస్తూ.
ఇప్పుడు నీళ్లు తక్కువ, ఆవిరి ఎక్కువ.
పుక్కిలించాల్సిన గొంతు
పొడిదగ్గు దగ్గుతోంది.

ముందు సీకాక్ మూశాను. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.
అలవాటు, అనుమానం, రెండూ ఒకటే ఈ పనిలో.
ఇంజను చల్లారేదాకా టీ తాగాం.
వేడి మీద మూత తిప్పినవాడి ముంజేతిని
ఒకసారి చూసినవాళ్లెవరూ తొందరపడరు.

పంపు మూతకి నాలుగు మరలు.
లోపల రబ్బరు చక్రం. ఆరు రెక్కలుండాలి.
వేలితో లెక్కపెట్టాను: అయిదు.
"కొత్తది వేసెయ్, సువర్చలా, పోనీ."
ఊడిన రెక్క ఎక్కడికీ పోదు, మెర్వ్.
నీళ్లు తీసుకుపోయినంత దూరం పోయి
ఇరుకు దొరికిన చోట కాపురం పెడుతుంది.

హీట్ ఎక్స్ఛేంజర్ విప్పితే, సన్న గొట్టాల నోళ్లకి అడ్డంగా
నల్లగా, బొటనవేలి గోరంత.
పక్కనే జింకు కడ్డీ,
ఇంజను బదులు తను అరుగుతానని ఒప్పుకున్నది,
ఆఖరి రోజు సబ్బుబిళ్లలా.

అప్పుడు కనబడింది, ఎగ్జాస్ట్ మోచేతి కింద
హోసు మొదట్లో ఒక గీత. తుడిస్తే గుడ్డకి మసి.
నీళ్లందని రోజుల్లో రబ్బరు కాలి, క్లాంపు సడలి
ఊపిరి లోపలికే వదిలింది పడవ.

"రాత్రిళ్లు ఇందులోనే పడుకుంటావా?"
"జూడిత్ పోయాక, ఎక్కువగా."
"ఇంజను నడుస్తుంటేనా?"
"కాసేపు. బ్యాటరీ ఎక్కాలిగా."
"తలనొప్పి?"
టీ కప్పులోకి చూశాడు. "వయసనుకున్నా."

నిప్పు లేనిదే పొగ రాదంటారు మా వైపు.
ఈ గాలికి పొగ లేదు, వాసన లేదు,
నిద్రపోయేవాణ్ణి లేపే మర్యాదా లేదు.

పరుపు పక్కన అలారం. వెనక డొల్ల.
"ఊరికే అరుస్తుంటే తీసేశా" అన్నాడు.
'ఊరికే' దగ్గరే గొంతు తడబడింది.

మోచెయ్యి మార్చాను, హోసు మార్చాను, చివరకి రెండేసి క్లాంపులు.
సీకాక్ తెరిచి తాళం తిప్పితే
వెనక నుంచి బడబడా నీళ్లు.
పెలికన్ ఒకటి విసుక్కుని జరిగింది.

అలారం మాత్రం నేను ముట్టుకోలేదు.
నా టార్చిలోంచి రెండు సెల్లులు తీసి అతని చేతిలో పెట్టాను.
ప్లస్సు ఎటో మైనస్సు ఎటో
చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.
తర్వాత అది ఒక్కసారి అరిచింది.
"ఊఁ, విన్నాలే" అన్నాడు మెర్వ్.