వాపు

గుల్‌చిన్ పని, దేశాలను పక్కపక్కన నిలబెట్టడం.
సోల్, వార్సా, సావొ పాలో, జొహన్నెస్‌బర్గ్,
చివరి గడిలో తను పుట్టిన ఇస్తాంబుల్.
ఎక్కడో ఉన్న మదుపరి
చేతిలో కాఫీ చల్లారేలోగా
ఎవరింట్లో డబ్బు పెట్టాలో తేల్చుకోవాలి.

ఈ ఏడాది ఆఖరి గడే అన్నిటికన్నా పచ్చగా ఉంది.
సూచీ రెట్టింపు.
పై అధికారి భుజం తట్టి పోయాడు,
ఆ పచ్చదనం ఆమే నాటినట్టు.

సాయంత్రం కదికొయ్ వెళ్లే ఫెర్రీలో
నడుము సన్నని గ్లాసులో టీ.
మొన్న సరిపోయిన చిల్లర ఇవాళ చాల్లేదు.
టీ కుర్రాడు ఏమీ అనలేదు,
చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రేవు దాటాక రిఫ్కి సెలూన్.
గోడ మీద ధరల పట్టీ.
అంకె మీద అంకె, కాగితం మీద కాగితం
అంటించి అంటించి అట్టముక్కంత మందమైంది.
కొడుకు మెడ మీద మెషిన్ ఆడుతుంటే
ఆమె గోటితో ఒక అంచు లేపింది.
కింద పోయిన నెల. దాని కింద ఎండాకాలం.
ఇంకా కింద, జిగురు పసుపెక్కిన చోట,
పిల్లాడి మొదటి క్షవరం నాటి ధర,
ముద్దొచ్చేంత చిన్నది.

"నేనూ కొన్నానమ్మా షేర్లు," అన్నాడు రిఫ్కి అద్దంలోంచి.
"సిమెంటు కంపెనీవి. మా ఆవిడ గాజులు రెండు అమ్మి.
లాభాల్లో ఉందో లేదో నాకేం తెలుసు?
లీరాలు జేబులో దాచుకుంటే
ఐసుముక్క దాచుకున్నట్టే,
తడి తప్ప ఏం మిగలదు.
అవునూ, మార్కెట్ బాగుందంటున్నారు,
మరి దేశం బాగున్నట్టేనా?"

ఆమెకు నోట మాట రాలేదు.
తన పట్టికలోని పచ్చరంగులో
ఎన్ని జతల గాజులు కరిగాయో!
ఒళ్లు కాలిపోతున్నవాడు
పాదరసం పైకెక్కిందని పండగ చేసుకుంటాడా?
వాపును చూసి బలుపనుకోమని
ఐదు గడుల్లో రంగులు నింపి
జీతం తీసుకుని మరీ చెబుతున్నది తనే.

రాత్రి మళ్లీ లెక్క కట్టింది, ఈసారి డాలర్లలో.
రెట్టింపు కాస్తా జారి జారి
బయల్దేరిన చోటికే వచ్చి కూలబడింది.
వార్సా నాలుగడుగులు ముందుంది,
ఎవరూ భుజం తట్టని వార్సా.

అప్పుడొక కొత్త వరుస గీసింది.
పేరు: క్షవరం ధర.
పోయినేడు ఎంత, ఇవాళ ఎంత.
నాలుగు ఊళ్లకు వెతికి వెతికి నింపింది.
ఇస్తాంబుల్ దగ్గర మాత్రం పెన్సిల్‌తో రాసుకుంది,
పొద్దున ఫెర్రీ ఎక్కేముందు
ఓసారి ఆ గోడ చూసి పోదామని.