విలన్ ఇల్లు

ఈ ఇంట్లో ఇప్పటికి నలుగురు చచ్చారు.
ఐదోవాణ్ణి వరండా మీంచి లోయలోకి తోశారు గానీ
ప్రాణం పోలేదు,
రెండో భాగం తీస్తారట.

నేను అద్దాలు తుడిచేవాణ్ణి, యూసేబియోని.
షూటింగ్ లారీలు రాకముందే
చీకటితోనే బాయిల్ హైట్స్‌లో బస్సెక్కి
లాస్ ఏంజెలస్ ఇంకా దీపాలార్పకుండానే కొండ మీదుంటాను.
బకెట్టు, రబ్బరు పట్టీ, నీళ్ళలో కాస్త వెనిగర్.
నేల నుంచి కప్పు దాకా ఇరవై రెండు అద్దాలు.
కెమెరాకి అద్దం కనపడకూడదు.
పని బాగా చేశానంటే
అక్కడ అద్దమూ లేనట్టే, నేనూ లేనట్టే.

పిట్టలకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సినిమాల్లో మంచివాడికి వాలు కప్పు ఉంటుంది,
కిర్రుమనే చెక్క మెట్లు, గుమ్మంలో అరిగిపోయిన కాళ్ళపట్టా,
వంటింట్లో పొగలు కక్కే సూప్.
చదును కప్పు కింద ఉండేవాడు
ఒంటరిగా విస్కీ పోసుకుంటాడు,
నగరాన్ని పైనించి చూస్తాడు,
ఎవరికో ఫోన్ చేసి "పని కానిచ్చెయ్" అంటాడు.
గీత తిన్నగా ఉంటే చాలు,
మనసు వంకరని మనకి తెలిసిపోవాలి.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు ముందు ఇల్లంతా ఎత్తి బయట పెడతారు:
ఓటిలీ గారి ఊలు బుట్ట, చిల్లు పడ్డ దిండు,
కొరియన్ మందుల షాపు కేలండర్,
మూత పోయిన కెటిల్.
అన్నీ తీసేశాక డైరెక్టర్ వచ్చి, నడుం మీద చేతులేసుకుని
"అబ్బ, ఎంత ప్రాణం లేని ఇల్లు!" అని మురిసిపోతాడు.

ఆవిడకి తొంభై ఒకటి.
గ్యారేజీలో మడత కుర్చీలో కూర్చుని ప్లమ్ కేకు కోస్తుంది.
మొన్నటి విలన్, చొక్కా నిండా రక్తం రంగుతో,
రెండు ముక్కలు తిని అడిగాడు:
పరదాలు లేకుండా ఎలా కాపరం చేశారండీ, భయం వెయ్యలేదా?
ఎవర్ని చూసి, అంది.
ఊరు మాకు కనపడేది, మేం ఊరికి కనపడేవాళ్ళం.
చెల్లుకి చెల్లు.

ఆయన పేరు కాస్పర్.
యుద్ధంలో విమానాల షెడ్లు గీసిన చెయ్యి.
అదే చవక ఇనుముతో యాభై ఆరులో ఈ ఇల్లు లేపాడు.
టైర్ల ఫ్యాక్టరీ వాళ్ళకి ఇలాంటివే రెండొందలు కట్టాలని,
రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడు
కళ్ళు తెరిస్తే ముందు ఆకాశం తగలాలని.
బ్యాంకు వాళ్ళు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి
మరి కప్పేదీ, అన్నారు.
రెండొందల్లో ఇదొక్కటి.
ఇప్పుడు దీని ఒక్క రోజు అద్దె
నాకు మూడు నెలల సంపాదన.

హాల్లో ఇనప స్తంభం మీద పెన్సిలు గీతలుంటాయి,
గెర్డా, లూట్స్, పిల్లలిద్దరి పొడవు, ఏడాదికొక గీత.
ప్రతి షూటింగుకీ వాటి మీద బూడిద రంగు పూసేస్తారు.
లారీలు దిగిపోయాక ఆవిడ జ్ఞాపకం మీద మళ్ళీ గీస్తుంది.
చెయ్యి వణుకుతుంది, గీత కాస్త పైకి పోతుంది.
ఇంకో రెండు సినిమాలైతే
లూట్స్ వాళ్ళ నాన్నని దాటేస్తాడు.

సినిమా టీవీలోకి వచ్చిన రాత్రి నన్ను ఉండమంది.
తెర మీద కత్తి దిగుతోంది, వయొలిన్లు గొంతు చించుకుంటున్నాయి,
నేను సోఫా చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయాను.
ఆవిడ రిమోట్ నొక్కి బొమ్మ ఆపింది.
కళ్ళజోడు సర్దుకుని, శవాన్ని దాటి నేల వైపు వేలు చూపించి,
చూశావా, అంది,
అక్టోబరు, నాలుగుంపావు.
ఎండ మూడో పలక దాకా వచ్చి ఆగింది.
ఆయన గీసిందీ అక్కడికే.

నేను ఆ పలక వెనక అద్దం మూల చూస్తున్నాను.
తుడవకుండా వదిలేసిన పావురం రెక్క అచ్చు,
అరచేతంత.
పని పోయేదే.
ఎవరూ చూసుకోలేదు.