ఎకో తీసెయ్యమన్నోడు

వనపర్తి పాలిటెక్నిక్ గ్రౌండుల
నా మైకు సెట్టు దించేసరికి మూడున్నర.
బాక్సుల మీద మొన్నటి బారాత్ గులాలు ఇంకా పోలే.
ఒక స్టాండుకు ఎవరో కట్టి మర్చిపోయిన పార్టీ రిబ్బను.

పట్నం నుంచి టెంపోల నలుగురొచ్చిండ్రు.
ముగ్గురు మొగోళ్లు,
తనకన్నా పొడుగున్న బేస్ గిటారు మోసుకుంట ఒకామె, నౌషీన్ అట.
ఫ్యూజన్ అన్నరు, జాజ్ అన్నరు.
ప్రిన్సిపాల్ సారు బ్యానరు మీద ‘సంగీత విభావరి’ అని రాపిచ్చి
చేతులు దులుపుకున్నడు.

శాక్సఫోన్ ఆయన, ఏలియా, మిక్సరు కాడికొచ్చి
"అన్నా, ఎకో తీసెయ్" అన్నడు.
ఇరవై రెండేండ్లాయె నేనీ పని పట్టి.
ఇంకింత పెట్టు అన్నోళ్లే గని
తీసెయ్యమన్నోడు ఇతనే మొదలు.
ఎకో లేకుంటే గొంతు బరిబాతల నిలబడ్డట్టుంటది గద సారూ, అన్న.
నవ్విండు.
"నిలబడనీ."

మొదలువెట్టిండ్రు. పాటంటే మాటల్లేవు.
డ్రమ్ములాయన కట్టెలు పక్కకు పెట్టి
తీగల కుంచెతోని తోలు మీద ఊడ్చుడు షురూ చేసిండు,
చాటల కొర్రలు చెరిగినట్టు,
పొట్టు ఎటో పోతున్నది, గింజ ఇటే పడుతున్నది.
బేసు నా చెవులకు రాలే.
కుర్చీ కాళ్లల్లకెల్లి ఎక్కొచ్చి మోకాళ్ల కాడ కూసున్నది.
శాక్సఫోన్ మాత్రం
తొందర లేనోడు చెప్పే ముచ్చట లెక్క,
సగం చెప్పి, ఆగి, తంబాకు నలిచి,
ఇంకోకాడ ఎత్తుకుంటది.

ఎక్కడ చప్పట్లు కొట్టాల్నో జనానికి తెల్వలే.
మాకు తెలిసింది లీడరు ఆగినకాడ కొట్టుడు,
దండ ఏసినంక కొట్టుడు.
ముందటి వరుసల తాసిల్దారు ఆవలింతను దస్తీల దాచుకున్నడు.
హాస్టలు పోరగాండ్లు సెల్లు లైట్లు ఎత్తిండ్రు, దించిండ్రు,
డీజే లేదారా అనుకుంట సగం మంది లేచిండ్రు.

గప్పుడు గోడ పక్కన
ఒక్క జత చేతులు చప్పుడు చేసినయ్.
మర్రి చూస్తే కుర్మయ్య.
పెబ్బేరు పెండ్లి నుంచి సక్కగ ఇటే వచ్చినట్టుండు,
బ్యాండు ఎర్ర కోటు, భుజాల మీద రంగు పోయిన కుచ్చులు,
చంకల గుడ్డ చుట్టిన క్లారినెట్టు.

ఏలియా పొడుగు స్వరం ఒకటి పట్టి
సన్నగ, ఇంకా సన్నగ తీస్కపోయి
ఊపిరి ఒడిసిన జాగల ఇడిచిండు.
ఆ జాగ మాలో కుర్మయ్య ఒక్కనికే ఎర్క.
గుర్రం ముందట, గ్యాసు లైట్ల నడుమ
నలభై ఏండ్లు గక్కడనే అతని ఊపిరి ఒడిసింది.
ఎవ్వలు చప్పట్లు కొట్టలే.
పది నోటు పెండ్లికొడుకు తల చుట్టు తిప్పి
టోపీల చెక్కిండ్రు.

ఏలియా కండ్లు తెరిచి గోడ దిక్కు చూసిండు.
అటెన్క రాత్రంతా గోడ దిక్కే వాయించిండు.
నేను ఫేడరు మీద ఏలు పెట్టి ఊకున్న.

అయిపోయినంక ఇద్దరు కలిసి వాయిస్తరనుకున్న.
ఏం వాయించలే.
కుర్మయ్య అడిగింది ఒక్కటే:
"నీ రీడు ఎంత నంబరు?"
"రెండున్నర."
"నాది మూడు. పండ్లు కదులుతున్నయ్,
నేను గూడ దిగాలె."
ఇద్దరు తమ రీడ్లు ట్యూబులైటుకు పట్టి చూసుకున్నరు,
ఎక్స్‌రే చూసినట్టు.
టెంపోవాడు హారన్ కొట్టిండు.

తెల్లారి కొత్తకోటల సభ.
చెయ్యి ఎకో మీదికి పోలే.
"సోదర సోదరీమణులారా" అన్నడు లీడరు.
గొంతు ఎంతున్నదో అంతే వచ్చింది.
మూడో వరుస దాటలే.
స్టేజీ మీదికెల్లి ఒకడు ఉరికొచ్చి
ఎకో ఏదిరా అని ఒర్లుతున్నడు.
తిప్పుతున్న అన్నా, తిప్పుతున్న,
అనుకుంట బటను దిక్కు చూస్తున్న.
ఇంకొక్క మాట
అట్లనే పోనీ అని.