చెరో కొస

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆర్డరొచ్చింది:
క్యాంపు ముగింపు రాత్రి క్యాడెట్లకు సోషల్ డాన్సు.
పర్యవేక్షణ, థర్డ్ ఆఫీసర్ యనమదల హైమవతి.
అంటే నేను.
ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని,
మెడలో విజిలు, చంకలో రిజిస్టరు.

గ్రౌండంతా బురద. అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి.
ఆరుబయట మంట వేద్దామంటే కట్టెలు చెమ్మెక్కాయి.
అందుకని తుఫాను షెల్టరు మేడమీది హాలు.
అడ్డంగా కొబ్బరితాడు ముందే కట్టేశారెవరో.
ఇటు ఇరవైనలుగురు, అటు ఇరవైనలుగురు.
టోపీలు తీసేస్తే
ఎండ తగలని గీత నుదుటిమీద
అందరికీ ఒకేచోట ఉంది.

నియమాలు బోర్డు మీద నేనే రాశాను.
తలుపులు తెరిచే ఉండాలి. లైట్లు ఆర్పరాదు.
పాటలు మూడే. జోడీలు చీటీలు తీసి.
చేతులు పట్టుకోరాదు, జంటకో రుమాలు,
చెరో కొస.
ఇంకొకటి రాయబోయి సుద్దముక్క కింద పెట్టేశాను,
నవ్వరాదు అని రాసేదాన్నేమో.

మలికిపురం నుంచి కడలి జెస్సీ వాళ్ళమ్మ ఫోను:
"ఆయ్, మా పిల్లని పెరేడుకి పంపామండి,
డాన్సుకి కాదండి."
"మధ్యలో రుమాలుంటుందండి" అన్నాను.
చెప్పాక నాకే అదోలా వినబడింది.

అన్నం తపేలాలోంచి చీటీలు తీశాం.
జెస్సీకి గుబ్బల తులసీరావు వచ్చాడు.
ఫైరింగులో ఐదుకి ఐదూ కొట్టినవాడు,
రుమాలు కొస అందిస్తే వేళ్ళు నిలవలేదు.
హవల్దారు బల్జీత్, పదిరోజులుగా
రొట్టెల్లేక మూతి ముడుచుకున్న మనిషి,
డ్రిల్లు కర్రతో జంటజంటకీ దూరం కొలుచుకొచ్చాడు.
కొలుస్తూనే ఉన్నాడు,
బూటు మాత్రం పాటతో వెళ్ళిపోయింది.

తులసీరావు పెదాల కింద లెక్క:
ఏక్, దో, ఏక్.
"ఒరే, ఇది కదంతాల్ కాదు, పాట విను" అంది జెస్సీ.
విన్నాడు. ఆమె కాలు తొక్కాడు.
మళ్ళీ లెక్కలోకి వచ్చాడు.

ఈ హాలు నేనెరుగుదును.
నాకు పదకొండేళ్ళప్పుడు ఒక రాత్రి
ఊరంతా ఇక్కడ నిలబడింది,
ఎవరి మోచెయ్యి ఎవరి పక్కటెముకల్లోనో.
మా నాయనమ్మ, మడి తప్పితే మూడుసార్లు మునిగేది,
ఊరూపేరూ తెలియని వలల కుర్రాడి భుజమ్మీద
తలవాల్చి తెల్లారేదాకా నిద్రపోయింది.
ఆ రాత్రి ఎవరూ తాడు కట్టలేదు.
నీళ్ళకి భయపడ్డప్పుడు గుర్తురాని దూరం
కాస్త సంతోషపడబోతే
ఎందుకు గుర్తొస్తుందో!

రెండో పాట సగంలో కరెంటు పోయింది.

పాట తెగింది. చీకటి.
విజిలు నా పళ్ళమధ్యకు దానంతటదే వచ్చింది.
ఊదితే ఆగిపోతారు.
ఊదకపోతే రేపు ప్రిన్సిపాలుకి నేను జవాబు.
కింద జనరేటరు దగ్గర ఎవరో తాడు లాగుతున్నారు,
అది దగ్గుతోంది, అంటుకోదు.
సముద్రం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది, ఇప్పుడు వినబడింది.

అప్పుడు ఆ లెక్క, ఈసారి గొంతెత్తి:
ఏక్, దో, ఏక్.
ఒక జత బూట్లు. పక్కన రెండోది.
తర్వాత హాలంతా.
నలభైఎనిమిది మంది పాట లేకుండా
చీకట్లో తిరుగుతున్నారు,
ఒక్కరూ ఎవర్నీ గుద్దుకోలేదు.
పదిరోజులు మేం అరిచి నేర్పింది
ఎందుకు పనికొస్తుందో నాకు తెలియలేదు అప్పటిదాకా.

లైట్లు వచ్చేసరికి
కొన్ని రుమాళ్ళు బిగుసుకుని ఉన్నాయి,
కొన్ని వదులుగా వేలాడుతున్నాయి.
ఎన్నని నేను లెక్కపెట్టలేదు.
బల్జీత్ కర్ర గోడకి ఆనించి ఉంది.
విజిలు తడిసిపోయింది.

రిజిస్టరులో రాశాను: సంఘటనలు, ఏమీ లేవు.

పొద్దున్న పరుపుచుట్టలకి కట్టేందుకు ఏమీ దొరక్క
ఆ కొబ్బరితాడునే ముక్కలు కోశారు.
నర్సాపురం పిల్లలు పంటు దాటడానికి రేవుకి వెళ్ళిపోయారు.
మిగతావాళ్ళని నేను బస్సెక్కించాను.
మలికిపురంలో జెస్సీ వాళ్ళమ్మ
కూతురి చేతిలో చుట్ట అందుకుని
నా వంక చూడకుండానే అడిగింది:
"ఏమే, ఆ డాన్సేదో అయ్యిందా?"
"కరెంటు పోయిందమ్మా" అంది జెస్సీ.
"పోన్లే, మంచిదయ్యింది."

బస్సు కదిలింది. నేనేమీ అనలేదు.